తాళంచెవి ఎవరి జేబులో ఉంది? న్యాయ సంస్కరణల తగువు చెన్నై నుంచి చూస్తే

చెన్నైలో ప్యారీస్ కార్నర్ దగ్గర బస్సు దిగి తంబుచెట్టి వీధిలోకి తిరిగితే అడుగడుగునా వకీళ్ల బోర్డులే. రోడ్డుకు అటుపక్క ఎర్రటి గోడలు, గుమ్మటాలతో మద్రాసు హైకోర్టు. కోర్టు 1862లో మొదలైంది, ఇప్పుడున్న భవనం 1892లో పూర్తయింది. 1954లో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు పెట్టేదాకా కోస్తా, రాయలసీమ కేసులన్నీ ఇక్కడికే వచ్చేవి. టంగుటూరి ప్రకాశం బారిస్టరుగా పేరు, డబ్బు రెండూ సంపాదించింది ఇక్కడే. అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ అడ్వకేట్ జనరల్‌గా పనిచేసింది ఇక్కడే. పి.వి. రాజమన్నార్ 1948 నుంచి 1961 దాకా ప్రధాన న్యాయమూర్తిగా కూర్చున్నదీ ఇక్కడే. రాష్ట్రాలు విడిపోయాక ఆ కోర్టు తెలుగువాళ్లకు పరాయిదైపోయిందని అనుకుంటే పొరపాటు. 2011 జనాభా లెక్కల ప్రకారం తమిళనాడులో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు దాదాపు 42 లక్షలు. వాళ్ల పొలం గట్ల తగువులు, ఆస్తి పంపకాలు, ఉద్యోగాల కేసులు పైకి వెళ్తే చేరేది ఆ ఎర్ర భవనానికో, 2004లో మొదలైన దాని మదురై ధర్మాసనానికో.

అక్కడ ఓడిపోతే? తంబుచెట్టి వీధి వకీలు "ఇక సుప్రీంకోర్టే" అంటాడు. అంటే తమిళనాడు ఎక్స్‌ప్రెస్‌లో సుమారు 2,180 కిలోమీటర్లు, రెండు రాత్రుల ప్రయాణం. విమానం టికెట్టు కొనగలిగినవాళ్లకు కూడా ఢిల్లీలో సీనియర్ వకీలు ఒక్క వాయిదాకు అడిగే ఫీజు వినగానే రాజీ సంగతి గుర్తొస్తుంది.

ఈ బాధను పార్లమెంటులో లేవనెత్తేవాళ్లు లేక కాదు. చెన్నైలో సుప్రీంకోర్టు ధర్మాసనం పెట్టాలని, హైకోర్టులో తమిళంలో వాదించుకోనివ్వాలని, న్యాయమూర్తుల నియామకాల్లో అన్ని కులాలకూ చోటు ఉండాలని తమిళనాడు సభ్యులు ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నారు. న్యాయశాఖ మంత్రులు మారుతున్నారు, జవాబు మారడం లేదు. "ఈ విషయాన్ని సుప్రీంకోర్టు పరిశీలించింది, అంగీకరించలేదు" అన్నది ఆ జవాబు సారాంశం. అయితే ఇదే మంత్రిత్వశాఖ న్యాయమూర్తులను ఎవరు నియమించాలన్న ప్రశ్న వచ్చినప్పుడు మాత్రం పార్లమెంటే సర్వాధికారి అంటుంది. ఒక విషయంలో కోర్టు మాట శిలాశాసనం, ఇంకో విషయంలో అదే కోర్టు ప్రజల తీర్పును తోసిపుచ్చిన సంస్థ. న్యాయ సంస్కరణల మీద ఎంపీలకు, న్యాయశాఖ మంత్రికి మధ్య జరిగే తగువులో అసలు మెలిక ఇదే. ఢిల్లీ నుంచి చూస్తే ఇది ప్రభుత్వానికి, కొలీజియానికి, అంటే న్యాయమూర్తుల పేర్లు ఎంపిక చేసే సీనియర్ న్యాయమూర్తుల బృందానికి మధ్య పోరులా కనిపిస్తుంది. చెన్నై నుంచి చూస్తే ఇద్దరూ కలిసి మూసి ఉంచిన తలుపులు కూడా కనిపిస్తాయి.

ముందు ధర్మాసనం సంగతి. రాజ్యాంగం 130వ అధికరణం సుప్రీంకోర్టు ఢిల్లీలో కూర్చుంటుందని చెబుతూనే, రాష్ట్రపతి ఆమోదంతో ప్రధాన న్యాయమూర్తి ఇతర చోట్ల కూడా కూర్చోబెట్టవచ్చని వీలు కల్పించింది. 2009లో లా కమిషన్ తన 229వ నివేదికలో ఢిల్లీలో రాజ్యాంగ ధర్మాసనం ఉంచి, మామూలు అప్పీళ్లు వినడానికి నాలుగు ప్రాంతాల్లో ధర్మాసనాలు పెట్టమంది. దక్షిణాదికి చెన్నై లేదా హైదరాబాద్ అని కూడా రాసింది. 2010 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు న్యాయమూర్తులంతా సమావేశమై, ఢిల్లీ బయట ధర్మాసనాలు పెట్టడానికి తగిన కారణం కనిపించలేదని తేల్చారు.

కారణం కనిపించలేదన్న మాట దగ్గర కాస్త ఆగాలి. ఏ హైకోర్టు తీర్పుల మీద ఎన్ని అప్పీళ్లు సుప్రీంకోర్టుకు వెళ్తున్నాయో 2011 ప్రాంతంలో లెక్క తీస్తే, ఢిల్లీ హైకోర్టు నుంచి సుమారు 12 శాతం, పంజాబ్-హర్యానా నుంచి దాదాపు 9 శాతం వెళ్తున్నాయని తేలింది. అప్పటి ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు అది 2.8 శాతం. మద్రాసు హైకోర్టుకు 1.1 శాతం. దేశంలో అతి తక్కువ వాటిలో ఒకటి. మద్రాసు హైకోర్టు తీర్పులు అంత గొప్పగా ఉంటాయి కాబట్టి ఎవరూ అప్పీలుకు వెళ్లరని చెప్పుకుంటే చెన్నై వకీళ్లకు గర్వంగానే ఉంటుంది గానీ, వాళ్లు కూడా ఆ మాట నమ్మరు. దూరం, ఖర్చు కలిసి తీర్పు చెప్పేస్తున్నాయి. 2016లో సుప్రీంకోర్టే చెన్నై వకీలు ఒకరు వేసిన పిటిషన్‌లో ఈ అంకెలన్నీ ఎత్తి రాసి, జాతీయ అప్పీళ్ల కోర్టు అవసరమా అన్న ప్రశ్నను రాజ్యాంగ ధర్మాసనానికి పంపింది. ఆ తర్వాత మంత్రులకు ఇంకో జవాబు దొరికింది: విషయం కోర్టు పరిశీలనలో ఉంది.

డీఎంకే రాజ్యసభ సభ్యుడు, సీనియర్ న్యాయవాది పి. విల్సన్ ప్రాంతీయ ధర్మాసనాల కోసం, నియామకాల్లో సామాజిక వైవిధ్యం కోసం రాజ్యాంగ సవరణ ప్రైవేటు బిల్లు పెట్టారు. ప్రైవేటు బిల్లు అంటే మంత్రి కాని సభ్యుడు పెట్టే బిల్లు. ఇలాంటిది ఉభయ సభలూ దాటి చట్టమైంది చివరిసారి 1970లో. మరో డీఎంకే సభ్యుడు తిరుచ్చి శివ 2015లో ట్రాన్స్‌జెండర్ల హక్కుల బిల్లును రాజ్యసభ దాటించగలిగారు, లోక్‌సభలో అది ముందుకు పోలేదు. కాబట్టి విల్సన్ బిల్లు చట్టమవుతుందని ఆయనతో సహా ఎవరూ అనుకోరు. దాని ఉపయోగం వేరు. మంత్రి లేచి నిలబడి రికార్డులోకి ఒక జవాబు ఇవ్వాల్సి వస్తుంది. 2023 ఆగస్టులో సుశీల్ కుమార్ మోదీ అధ్యక్షతన ఉన్న పార్లమెంటరీ స్థాయీ సంఘం, అంటే అధికార పార్టీ ఎంపీయే నడిపిన సంఘం, ప్రాంతీయ ధర్మాసనాలు పెట్టమని సిఫారసు చేసింది. అప్పుడు కూడా మంత్రిత్వశాఖ చూపించింది అవే పాత కాగితాలు.

వీడియో కాన్ఫరెన్స్ వచ్చాక ఢిల్లీ ఎందుకు వెళ్లాలి అని అడిగేవాళ్లున్నారు. కొంత నిజమే, కొవిడ్ తర్వాత చెన్నైలో కూర్చుని సుప్రీంకోర్టులో వాదించే వకీళ్లు పెరిగారు. కేసు దాఖలు చేయడానికి మాత్రం అక్కడి అడ్వకేట్ ఆన్ రికార్డ్, అంటే సుప్రీంకోర్టులో కేసు వేసే అర్హత ఉన్న వకీలు, తప్పనిసరి. దూరం తగ్గింది, మధ్యలో మనిషి తగ్గలేదు.

భాష దగ్గర ఇంకా విచిత్రం

ధర్మాసనం విషయంలో మంత్రి కోర్టును చూపించడానికి రాజ్యాంగంలో కనీసం ఒక ఆధారం ఉంది. భాష విషయంలో అదీ లేదు. 348వ అధికరణం రెండో ఖండం ప్రకారం రాష్ట్రపతి ముందస్తు సమ్మతితో గవర్నర్ హైకోర్టు వ్యవహారాల్లో హిందీని గానీ ఆ రాష్ట్ర అధికార భాషను గానీ అనుమతించవచ్చు. తీర్పులకు, ఉత్తర్వులకు వేరే నిబంధన ఉంది, వాదనలకు ఇది చాలు. ఇందులో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి ప్రస్తావనే లేదు. రాష్ట్రపతి సమ్మతి అంటే ఆచరణలో కేంద్ర మంత్రివర్గం సమ్మతి.

మరి కోర్టు ఎక్కడి నుంచి వచ్చింది? 1965 మే నెలలో కేంద్ర మంత్రివర్గ కమిటీ ఒక నిర్ణయం తీసుకుంది. ఇలాంటి ప్రతిపాదన వస్తే ప్రధాన న్యాయమూర్తి అభిప్రాయం తీసుకోవాలని. 1965 అంటే తమిళనాట హిందీ వ్యతిరేక ఆందోళనలో తుపాకులు పేలిన ఏడాది. ఆ నిర్ణయమే నేటికీ నడుస్తోంది. అది రాజ్యాంగం కాదు, చట్టం కాదు. ఒక మంత్రివర్గం తీసుకున్న నిర్ణయాన్ని ఇంకో మంత్రివర్గం ఒక్క సాయంత్రంలో మార్చుకోవచ్చు.

రాజస్థాన్ హైకోర్టులో హిందీ 1950 నుంచి ఉంది. ఉత్తరప్రదేశ్‌కు 1969లో, మధ్యప్రదేశ్‌కు 1971లో, బిహార్‌కు 1972లో అనుమతి వచ్చింది. తమిళనాడు అసెంబ్లీ 2006 డిసెంబరులో తమిళం కోసం తీర్మానం చేసింది. గుజరాతీ, బెంగాలీ, కన్నడ కోసం ఆయా రాష్ట్రాలు, హిందీ కోసం ఛత్తీస్‌గఢ్ అడిగాయి. 2012 అక్టోబరు 11న సుప్రీంకోర్టు న్యాయమూర్తుల సమావేశం అన్నిటినీ కలిపి కాదంది. తమిళనాడు 2014లో మళ్లీ అడిగింది, 2016 జనవరిలో మళ్లీ కాదన్నారు. ఆ జాబితాలో తెలుగు లేదు. రెండు రాష్ట్రాలున్న భాషకు, అధికార భాషా సంఘాల మీద ఇన్ని సభలు జరిగే భాషకు, కోర్టులో మాట్లాడే హక్కు కావాలని ఒక తీర్మానం పంపాలని తోచకపోవడం గమనించదగ్గదే. 2023 జూన్‌లో తెలంగాణ హైకోర్టు ఒక ఆస్తి తగాదాలో తెలుగులో తీర్పు ఇచ్చి అందరినీ ఆశ్చర్యపరిచింది. అది న్యాయమూర్తుల చొరవ, ప్రభుత్వాలది కాదు.

చెన్నై తెలుగువాళ్లకు ఈ విషయంలో మనసు రెండు వైపులా లాగుతుంది. కింది కోర్టుల్లో తమిళం ఎప్పటి నుంచో ఉంది, వాళ్లలో ఎక్కువమందికి తమిళం ఇంట్లో భాష లాంటిదే. వకీలు ఏం వాదిస్తున్నాడో కక్షిదారుకు అర్థం కావడం మంచిదే కదా. ఇంకోవైపు, 2006 నాటి తమిళ బోధన చట్టం వల్ల బడిలో పిల్లలకు తెలుగు పోతోందని, పదో తరగతి పరీక్షలో మినహాయింపు కావాలని భాషా అల్పసంఖ్యాకులు మెట్లెక్కింది కూడా ఈ హైకోర్టువే. ఆ పిటిషన్లు వాదించింది ఇంగ్లీషులో. ఇంగ్లీషు ఎవరి భాషా కాకపోవడం ఒక్కోసారి బలహీనుడికి కాస్త ఊరట. ఈ చిక్కును తమిళనాడు ఎంపీలు సభలో ఎత్తరు, మంత్రులకు అసలు తెలిసినట్టే ఉండదు.

2022 ఏప్రిల్ 23న మద్రాసు హైకోర్టు ఆవరణలో తొమ్మిది అంతస్తుల పాలనా భవనానికి శంకుస్థాపన జరిగింది. అప్పటి సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ వేదిక మీద ఉన్నారు. ముఖ్యమంత్రి స్టాలిన్ ఆయన ఎదుటే మూడు కోర్కెలూ చదివారు: చెన్నైలో ధర్మాసనం, హైకోర్టులో తమిళం, నియామకాల్లో సామాజిక న్యాయం. కృష్ణా జిల్లా పొన్నవరంలో పుట్టి, తెలుగు మీద ప్రేమను ఎప్పుడూ దాచుకోని రమణ, కోర్టులో జరిగేది పెళ్లిలో అర్థం కాని మంత్రాల్లా ఉండకూడదన్నారు. భాషల అడ్డంకులు టెక్నాలజీతో, కృత్రిమ మేధతో కొంత తీరవచ్చని కూడా అన్నారు. వారం తర్వాత ఢిల్లీలో ముఖ్యమంత్రుల, ప్రధాన న్యాయమూర్తుల సమావేశంలో ప్రధాని నరేంద్ర మోదీ కూడా కోర్టుల్లో స్థానిక భాషలను ప్రోత్సహించాలన్నారు. ముఖ్యమంత్రి కావాలన్నాడు, ప్రధాన న్యాయమూర్తి సానుభూతి చూపాడు, ప్రధాని మంచిదేనన్నాడు. పార్లమెంటులో న్యాయశాఖ జవాబు మాత్రం 2012, 2016 తేదీలతోనే వస్తోంది.

నియామకాలు: శివశంకర్ నుంచి రిజిజు దాకా

ఈ తగువుకు మూలపురుషుడు ఎవరని వెతికితే ఒక తెలుగు మంత్రే దొరుకుతారు. పి. శివశంకర్ ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తిగా చేసి, రాజకీయాల్లోకి వచ్చి, 1980లో ఇందిరాగాంధీ ప్రభుత్వంలో న్యాయశాఖ మంత్రి అయ్యారు. 1981 మార్చి 18న ఆయన ఒక సర్క్యులర్ పంపారు. ప్రతి హైకోర్టులో మూడో వంతు న్యాయమూర్తులు బయటి రాష్ట్రాల వాళ్లు ఉండాలని, అందుకు అదనపు న్యాయమూర్తులు వేరే హైకోర్టుకు వెళ్లడానికి ఒప్పుకుంటారో లేదో రాయించి పంపాలని ముఖ్యమంత్రులను కోరారు. జాతీయ సమైక్యత, కులాల ప్రభావం తగ్గించడం అని కారణాలు చెప్పారు. పర్మనెంట్ కావాల్సిన న్యాయమూర్తి చేత ముందుగా సంతకం పెట్టించుకోవడం అంటే మెడ మీద కత్తి పెట్టడమేనని వకీళ్లు మండిపడ్డారు. ఎమర్జెన్సీలో జరిగిన బదిలీలు అప్పటికి ఇంకా పచ్చి గాయం.

అదే ఏడాది జనవరిలో మద్రాసు హైకోర్టుకు స్వయంగా దెబ్బ తగిలింది. ప్రధాన న్యాయమూర్తి ఎం.ఎం. ఇస్మాయిల్‌ను కేరళకు, పాట్నా ప్రధాన న్యాయమూర్తి కె.బి.ఎన్. సింగ్‌ను మద్రాసుకు బదిలీ చేశారు. ఇస్మాయిల్ ముస్లిం, కంబ రామాయణంలో తమిళనాడంతా గౌరవించే పండితుడు. ఆయన కేరళకు వెళ్లలేదు, రాజీనామా చేశారు. సింగ్ తనకు వృద్ధురాలైన తల్లి ఉందని మొరపెట్టుకున్నారు. వీటి మీద పడిన కేసులన్నీ కలిపి సుప్రీంకోర్టులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 1981 డిసెంబరు 30న తీర్పు ఇచ్చింది. నియామకాల్లో చివరి మాట ప్రభుత్వానిదే అంది, సింగ్ బదిలీ చెల్లుతుందంది. శివశంకర్ గెలిచారు.

అయితే ఆ గెలుపులోనే ఓటమి విత్తనం ఉంది. ప్రభుత్వం ఆ అధికారాన్ని వాడుకున్న తీరు చూసిన సుప్రీంకోర్టు 1993లో ఆ తీర్పును తిరగేసి, సీనియర్ న్యాయమూర్తుల కొలీజియం మాటే చెల్లుతుందంది. 1998లో దాన్ని ఇంకా గట్టిగా బిగించింది. నేడు కొలీజియాన్ని తిట్టే మంత్రులు 1981ని గుర్తు చేసుకోరు. శివశంకర్ మాత్రం తగ్గే మనిషి కాదు. 1987లో మళ్లీ మంత్రిగా ఉండి, హైదరాబాద్‌లో వకీళ్ల సభలో సుప్రీంకోర్టు జమీందార్లకూ ఉన్నవాళ్లకూ ఆశ్రయమైందన్న అర్థం వచ్చేలా ఘాటుగా మాట్లాడారు. కోర్టు ధిక్కారం కేసు పడింది. 1988లో సుప్రీంకోర్టు అది ధిక్కారం కాదని వదిలేసింది. ఆయన అడిగిన ప్రశ్న, న్యాయమూర్తులు ఏ వర్గం నుంచి వస్తున్నారు అన్నది, నేడు డీఎంకే సభ్యులు అడుగుతున్నదే. అప్పుడు అడిగింది మంత్రి, ఇప్పుడు అడుగుతున్నది ప్రతిపక్షం. కుర్చీలు మారాయి.

2014 జులైలో మద్రాసు హైకోర్టు మళ్లీ పార్లమెంటుకెక్కింది. ఒకప్పుడు ఇక్కడ ప్రధాన న్యాయమూర్తిగా చేసిన మార్కండేయ కట్జూ, అవినీతి ఫిర్యాదులున్న ఒక అదనపు న్యాయమూర్తిని యూపీఏ ప్రభుత్వం తమిళనాడు మిత్రపక్షం ఒత్తిడితో కొనసాగించిందని ఆరోపించారు. అన్నాడీఎంకే సభ్యులు ఉభయ సభల్లో గొడవ చేశారు. ఆ న్యాయమూర్తి అప్పటికే చనిపోయారు. మంత్రి రవిశంకర్ ప్రసాద్ లోక్‌సభలో ఫైలు కథ చెప్పారు: 2003లో కొలీజియం అభ్యంతరాలు చెప్పింది, తర్వాత ప్రధాని కార్యాలయం వివరణ అడిగింది, కొలీజియం మళ్లీ వద్దంది, చివరికి న్యాయశాఖ మంత్రి లేఖ రాశాక కథ మారింది. తమ ప్రభుత్వం మీద పడని బురద కాబట్టి ఆయనకు చెప్పడం తేలికైంది. కానీ ఆ జవాబు ఒక సంగతి బయటపెట్టింది. కొలీజియం కాలంలో కూడా న్యాయశాఖ మంత్రి చేతులు పూర్తిగా కట్టేసి లేవు. తాళంచెవిలో సగం ఆయన దగ్గరే ఉంది.

మూడు వారాలు తిరక్కుండానే, కొలీజియం బదులు న్యాయమూర్తులను ఎంపిక చేసే నియామకాల కమిషన్ బిల్లు వచ్చింది. ఆగస్టు 13న లోక్‌సభ, 14న రాజ్యసభ దాటేసింది. రెండు సభల్లోనూ వ్యతిరేకంగా ఒక్క ఓటూ పడలేదు, రాజ్యసభలో రామ్ జెఠ్మలానీ మాత్రం తటస్థంగా ఉండిపోయారు. కాంగ్రెస్ కూడా అవుననే ఓటేసింది. ప్రధాన న్యాయమూర్తి, ఇద్దరు సీనియర్ న్యాయమూర్తులు, న్యాయశాఖ మంత్రి, ఇద్దరు ప్రముఖులు కలిసి ఆరుగురు. వాళ్లలో ఏ ఇద్దరు వద్దన్నా పేరు ఆగిపోతుంది. 2015 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చేనాటికి న్యాయశాఖ మంత్రి బెంగళూరు ఉత్తర ఎంపీ సదానంద గౌడ. అక్టోబరు 16న సుప్రీంకోర్టు 4-1 తేడాతో కొట్టేసింది.

ఆ ఒక్కరూ జస్టిస్ జాస్తి చలమేశ్వర్. మొవ్వ మండలం పెదముత్తేవి మనిషి, చెన్నై లయోలా కాలేజీలో ఫిజిక్స్ చదివారు. ఆయన కమిషన్‌ను సమర్థించింది ప్రభుత్వం మీద ప్రేమతో కాదు. కొలీజియంలో ఏం జరుగుతుందో బయటివాడికి తెలిసే దారి లేదన్నది ఆయన అభ్యంతరం. మరుసటి ఏడాది స్వయంగా కొలీజియం సభ్యుడై ఉండి, అభిప్రాయాలు కాగితం మీద నమోదు చేయకపోతే సమావేశానికి రానని భీష్మించారు. ప్రభుత్వ పక్షం ఆయన 2015 తీర్పును తరచూ ఎత్తి చూపుతుంది. 2018 జనవరిలో నలుగురు సీనియర్ న్యాయమూర్తులు ప్రధాన న్యాయమూర్తి తీరును బహిరంగంగా తప్పుపడుతూ ఆయన ఇంటి పచ్చికలో పెట్టిన ప్రెస్ మీట్‌ను ఎత్తదు.

2022 నవంబరు నుంచి అప్పటి న్యాయశాఖ మంత్రి కిరణ్ రిజిజు గొంతు పెంచారు. కొలీజియం మన రాజ్యాంగానికి పరాయిదన్నారు. జనవరిలో పేర్ల పరిశీలన కమిటీల్లో ప్రభుత్వ ప్రతినిధి ఉండాలని ప్రధాన న్యాయమూర్తికి లేఖ రాశారు. 2014లో కమిషన్‌కు ఓటేసిన కాంగ్రెస్ ఇప్పుడు న్యాయవ్యవస్థ స్వతంత్రత ప్రమాదంలో పడిందంది. మాటల సంగతి అలా ఉంచి, ఆ నెలల్లో చెన్నైలో జరిగింది చూడాలి. మద్రాసు హైకోర్టుకు కొలీజియం సిఫారసు చేసిన ఒక న్యాయవాది ప్రధానిని విమర్శించిన వ్యాసాన్ని ఇంటర్నెట్‌లో పంచుకున్నారని నిఘా విభాగం నివేదిక ఇచ్చింది. అది అనర్హత కాదని కొలీజియం 2023 జనవరి 17న ఆయన పేరునే మళ్లీ పంపింది. పేరు కదల్లేదు. బీజేపీతో సంబంధం ఉందని తోటి వకీళ్లు అభ్యంతరం చెప్పిన మరో న్యాయవాది ఫిబ్రవరి 7న ప్రమాణం చేశారు. ఆమె మీద పిటిషన్‌ను సుప్రీంకోర్టు అదే ఉదయం కొట్టేసింది. ఒకరి అభిప్రాయం అడ్డు, ఇంకొకరి అభిప్రాయం అడ్డు కాదు. ఇక్కడ నిర్ణయించింది కొలీజియం కాదు, ఫైలు ఎప్పుడు కదలాలో తేల్చేవాళ్లు. ముందు పంపిన పేర్లను పక్కన పెట్టడం వల్ల సీనియారిటీ దెబ్బతింటోందని కొలీజియం ఆ మార్చిలో రాసుకుంది. మే నెలలో రిజిజును మార్చి అర్జున్ రామ్ మేఘ్వాల్‌కు శాఖ ఇచ్చారు. గొంతు తగ్గింది, ఫైళ్ల నడక అలాగే ఉంది.

సామాజిక వైవిధ్యం ప్రశ్నకు మాత్రం అంకెలున్నాయి. 2023 జులైలో హైదరాబాద్ ఎంపీ అసదుద్దీన్ ఒవైసీ అడిగితే మంత్రి ఇచ్చిన లెక్క: 2018 నుంచి నియమితులైన 604 మంది హైకోర్టు న్యాయమూర్తుల్లో జనరల్ కేటగిరీ 458, ఓబీసీ 72, ఎస్సీ 18, ఎస్టీ 9, మైనారిటీలు 34. పదమూడుగురి వివరం లేదు. దీనికి మంత్రి వివరణ ఎప్పుడూ ఉండేదే. రాజ్యాంగంలో ఈ నియామకాలకు రిజర్వేషన్ లేదు, తగిన పరిశీలన చేయమని ప్రధాన న్యాయమూర్తులను కోరుతున్నాం, పేర్లు పంపేది వాళ్లు. నిజమే. అయితే వచ్చిన పేర్లలో కొన్నిటిని నెలల తరబడి ఆపే శక్తి ఉన్న ప్రభుత్వం, రాని పేర్ల గురించి మాత్రం తాను నిమిత్తమాత్రుణ్ణి అనడం వింతగా ఉంటుంది. పోస్టాఫీసులా ఉండలేమని ఇదివరకు చెప్పిన శాఖే, ఈ ప్రశ్న వచ్చినప్పుడు పోస్టాఫీసు అయిపోతుంది.

జిల్లా జడ్జిలను దేశమంతటికీ ఒకేచోట ఎంపిక చేసే అఖిల భారత న్యాయ సర్వీసు ఇంకో పాత కథ. 1976లో 42వ సవరణతో రాజ్యాంగంలోకి వచ్చింది, ఇంతవరకు పుట్టలేదు. మద్రాసు, ఆంధ్రప్రదేశ్ సహా చాలా హైకోర్టులు వద్దన్నాయి. జిల్లా జడ్జికి సాక్షి మాట అర్థం కాకపోతే ఎలా అన్నది వాళ్ల మొదటి ప్రశ్న, దానికి గట్టి జవాబు ఇంకా రాలేదు.

ఈ తగువులన్నీ మంత్రి మీదే ఎందుకు పడతాయంటే, 121వ అధికరణం ప్రకారం న్యాయమూర్తుల ప్రవర్తన గురించి పార్లమెంటులో చర్చించకూడదు, తొలగించే తీర్మానం వచ్చినప్పుడు తప్ప. కొలీజియాన్ని సభకు పిలిచి అడిగే వీల్లేదు. మిగిలింది న్యాయశాఖ మంత్రి. అడిగేవాళ్లకు వేరే తలుపు లేదు, ఆయనకు వేరే జవాబు లేదు. ఈ ఏర్పాటు ఇద్దరికీ అనుకూలమే. సభ్యుడికి తన నియోజకవర్గంలో చూపించుకోవడానికి ప్రశ్న దొరుకుతుంది, మంత్రికి చేయని పనికి సాకు దొరుకుతుంది.

తమిళనాడు పార్టీలను కూడా వదలకూడదు. 1999 నుంచి 2013 మార్చి దాకా, మధ్యలో కొన్ని నెలలు తప్ప, డీఎంకే కేంద్ర ప్రభుత్వంలో ఉంది. తమిళం తీర్మానం పంపింది, ధర్మాసనాల నివేదిక వచ్చింది, 2010లో సుప్రీంకోర్టు కాదంది, 2012లో మళ్లీ కాదంది. అన్నీ ఆ కాలంలోనే. టెలికం శాఖ కోసం పట్టుబట్టిన పార్టీ, 1965 నాటి ఆ మంత్రివర్గ నిర్ణయాన్ని మార్చమని అదే గట్టితనంతో పట్టుబట్టిన దాఖలా కనిపించదు. మంత్రివర్గంలో కూర్చున్నప్పుడు అడగని దాన్ని ప్రతిపక్షంలోకి వచ్చాక అడిగితే, మంత్రి ముఖంలో చిరునవ్వు కనిపించడం సహజం.

2015 తీర్పు తర్వాత సుప్రీంకోర్టు, నియామకాల పద్ధతిని నిర్దేశించే విధాన పత్రాన్ని కొత్తగా రాయమని ప్రభుత్వాన్నే కోరింది. ఎవరికి ఎన్ని రోజుల గడువు, పేరు వెనక్కి పంపితే కారణం ఎలా చెప్పాలి, ఏ ప్రమాణాలతో ఎంపిక చేయాలి అన్నవన్నీ అందులో రావాలి. 2016లో ముసాయిదా ప్రధాన న్యాయమూర్తికి వెళ్లింది. 2017 మార్చిలో కొలీజియం తన మాట చెప్పింది. ఆ జులైలో ఇంకా మెరుగుపరచాలని ప్రభుత్వం లేఖ రాసింది. ఆ ఉత్తరం తర్వాత న్యాయశాఖలో రవిశంకర్ ప్రసాద్ వెళ్లారు, రిజిజు వచ్చి వెళ్లారు, మేఘ్వాల్ వచ్చారు. మద్రాసు హైకోర్టులో ఖాళీ అయిన ప్రతి కుర్చీకి పేరు ఇప్పటికీ 1998 నాటి పాత పత్రం ప్రకారమే ఢిల్లీ చేరుతోంది.